తపాలా బిళ్ళ మీద ఓడ: యుద్ధకాలపు ప్రచారాన్ని చదవడం ఎలా?

ప్రభుత్వం అచ్చువేసే కాగితాలన్నిటిలోకీ చిన్నది తపాలా బిళ్ళ. 1840లో బ్రిటన్‌లో పెన్నీ బ్లాక్ వచ్చింది. మన ఉపఖండంలో 1852లో సింధు ప్రాంతంలో సింద్ డాక్ బిళ్ళలు వచ్చాయి. మొదట్లో వాటి మీద రాణి తలో, రాజముద్రో ఉండేది. డబ్బు ముట్టిందని చెప్పడానికి అంతకంటే అవసరం లేదు. బొమ్మ చిన్నదే అయినా ప్రతి ఇంటి గడపకూ చేరుతుందని, దానిని ఎవరూ అనుమానించరని ప్రభుత్వాలు తరువాత గ్రహించాయి. గోడ మీద పోస్టరు కనబడితే అది ప్రచారమని మనకు తెలుస్తుంది. తమ్ముడి ఉత్తరం మీది బిళ్ళను చూసి అలా అనుకోము.

ఈ వ్యాసంలో ఒక్క రకం బిళ్ళలనే తీసుకుంటున్నాను. యుద్ధ సమయంలో, లేదా యుద్ధం ముందూ వెనకా, ఓడల బొమ్మలతో వచ్చినవి. పిల్లలకు చరిత్ర చెప్పేటప్పుడు ఇవి బాగా పనికివస్తాయి. దానం చేసే పెద్దలకు కూడా వీటిలో ఒక పాఠం ఉంది. ఎందుకంటే వీటిలో కొన్ని మీవంటి దాతల జేబును ఉద్దేశించి అచ్చయినవే.

ఓడే ఎందుకు?

సైనికుడి బొమ్మ వేస్తే చూసేవారికి తమ ఇంటి పిల్లవాడు గుర్తొస్తాడు, భయం వేస్తుంది. ఓడ బొమ్మతో ఆ ఇబ్బంది లేదు. అందులో మనుషులు కనబడరు. కనబడేది ఉక్కు, పొగ, జెండా. పైగా ఓడ సముద్రం మీద ఉంటుంది, సామాన్యుడు వెళ్ళి చూసి రాలేడు. అది ఎలా ఉందో, అసలు ఉందో లేదో, బిళ్ళ చెప్పినట్టు నమ్మవలసిందే. అందుకే ఈ బిళ్ళలను చదివేటప్పుడు నేను విద్యార్థులను మొట్టమొదట ఒకే ప్రశ్న అడుగుతాను: ఈ బిళ్ళ విడుదలైన రోజున ఆ ఓడ ఎక్కడ ఉంది?

ఇంకా కట్టని ఓడ

1939 ఏప్రిల్‌లో ఫ్రాన్స్ 90 సెంటీముల బిళ్ళ ఒకటి విడుదల చేసింది. దాని మీద క్లెమెన్సో అనే మహా యుద్ధనౌక. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌ను నడిపించిన ప్రధానమంత్రి పేరే దానికి పెట్టారు. బొమ్మలో ఓడ ఫిరంగులతో సహా సంపూర్ణంగా ఉంది. నిజానికి ఆ జనవరిలోనే బ్రెస్ట్ రేవులో దాని అడుగు దూలం వేశారు. బిళ్ళ వచ్చేనాటికి పని మొదలై మూడు నెలలే.

ఆ తరువాత ఏమైంది? 1940 జూన్‌లో జర్మన్లు బ్రెస్ట్‌ను ఆక్రమించేటప్పటికి ఓడలో కొంత భాగమే తయారైంది. అది ఎన్నడూ పూర్తికాలేదు. 1944 ఆగస్టులో మిత్రరాజ్యాల విమానాలు వేసిన బాంబులకు ఆ మొండి కాస్తా మునిగింది. ఫ్రెంచి పౌరుడు ఉత్తరం మీద అంటించిన ఓడ ఒక్కరోజు కూడా సముద్రంలో ప్రయాణించలేదు.

అబద్ధం చెప్పాలని ఆ బిళ్ళ వేశారని నేను అనను. శత్రువు బలం పెంచుకుంటున్న కాలమది. ప్రజలకు ధైర్యం చెప్పాలన్న తొందర ప్రభుత్వానికి ఉంది. కాని కట్టబోయే దానిని కట్టినట్టు చూపితే, చూసినవాడు తనకు లేని రక్షణ ఉందనుకుంటాడు.

అప్పటికే మునిగిన ఓడ

కెనడా 1942 జూలై 1న యుద్ధకృషి పేరుతో కొన్ని బిళ్ళలు విడుదల చేసింది. 20 సెంట్ల బిళ్ళ మీద కొర్వెట్ అనే చిన్న యుద్ధనౌకను నీటిలోకి దించుతున్న దృశ్యం ఉంది. అది నిజంగా క్యూబెక్‌లోని సొరెల్‌లో జరిగిన పని. ఒక డాలరు బిళ్ళ మీద మాత్రం అలలను చీల్చుకుపోతున్న డెస్ట్రాయర్ కనబడుతుంది. బిళ్ళల కేటలాగులు దానిని బ్రిటిష్ నౌక కొస్సాక్‌గా గుర్తిస్తాయి.

కొస్సాక్‌కు గొప్ప పేరుంది. 1940 ఫిబ్రవరిలో నార్వే తీరంలో ఆల్ట్‌మార్క్ అనే జర్మన్ ఓడ మీదికి ఎక్కి, అందులో బందీలుగా ఉన్న సుమారు 300 మంది బ్రిటిష్ నావికులను విడిపించింది ఆ నౌక సిబ్బందే. కాని 1941 అక్టోబరులో జర్మన్ టార్పెడో దెబ్బ తిని అది మునిగిపోయింది. కెనడా బిళ్ళ వచ్చేసరికి ఓడ సముద్రం అడుగుకు చేరి ఎనిమిది నెలలు దాటింది. ప్రచారం ఒక్క పక్షం సొత్తే అనుకోకూడదని చెప్పడానికి ఈ ఉదాహరణ ఇస్తున్నాను. న్యాయమైన పక్షాన ఉన్నవారు కూడా తమ బొమ్మలను ఏరుకునే వేసుకుంటారు.

ఓడ గెలిచింది, దేశం ఓడింది

మన పెద్దల జ్ఞాపకాలకు దగ్గరైన ఉదాహరణ ఒకటి ఉస్మానియా తుర్కీది. 1914లో ఆ ప్రభుత్వం లండన్‌లో అచ్చువేయించిన బిళ్ళల వరుసలో మసీదులు, బురుజులు, ఫౌంటెన్ల మధ్య ఒక యుద్ధనౌక ఉంది. దాని పేరు హమీదియే.

1912–13 బాల్కన్ యుద్ధంలో గ్రీకు నౌకాదళం తుర్కీ నౌకలను దార్దనెల్స్ జలసంధిలో దిగ్బంధించింది. 1913 జనవరిలో కెప్టెన్ రవూఫ్ బే హమీదియేను ఆ దిగ్బంధం దాటించి, సిరోస్ దీవి రేవులో మాకెడోనియా అనే గ్రీకు నౌకను దెబ్బతీశాడు. తరువాత నెలల తరబడి చిక్కకుండా తిరిగాడు. ఓటమి మీద ఓటమి వార్తలు వింటున్న ప్రజలకు అతడు వీరుడయ్యాడు.

బిళ్ళ చెప్పని విషయం ఏమిటంటే, హమీదియే బయటకు వెళ్ళడంలోని ముఖ్యోద్దేశం గ్రీకుల పెద్ద యుద్ధనౌక అవెరోఫ్‌ను తన వెంట దూరంగా లాగడం. గ్రీకులు ఆ ఎరను పట్టుకోలేదు. కొద్ది రోజులకే లెమ్నోస్ దగ్గర జరిగిన పోరులో తుర్కీ నౌకాదళం ఓడిపోయింది. యుద్ధం ముగిసేసరికి ఐరోపాలోని భూభాగంలో చాలావరకు ఆ సామ్రాజ్యం చేజారింది.

ఆ యుద్ధకాలంలోనే, 1912 డిసెంబరులో, డాక్టర్ ముఖ్తార్ అహ్మద్ అన్సారీ నాయకత్వంలో వైద్య బృందం ఒకటి బొంబాయి నుంచి బయలుదేరి వెళ్ళి తుర్కీలోని క్షతగాత్రులకు చికిత్స చేసింది. హిందుస్తాన్ ముస్లింలు ఇచ్చిన చందాలతో సాగిన సేవ అది. బిళ్ళ మీద నౌక ఉంది. ఆసుపత్రి మంచాల మీది గాయపడిన సిపాయిలు లేరు. మనవాళ్ళ డబ్బు చేరింది ఆ మంచాల దగ్గరికి.

సాయం పేరుతో వచ్చిన తొమ్మిది ఓడలు

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన ఉదాహరణకు వద్దాం. 1937 నవంబరులో జర్మనీ తొమ్మిది బిళ్ళలు విడుదల చేసింది. యుద్ధం మొదలవడానికి ఇంకా రెండేళ్ళు ఉంది. తొమ్మిదింటి మీదా ఓడలే. ప్రాణరక్షక పడవ, దీపనౌక, చేపల పడవలు, తెరచాపల ఓడ, రైలు పెట్టెలను మోసే ఓడ, ప్రయాణికుల ఓడలు. ఫిరంగి ఉన్న నౌక ఒక్కటీ లేదు.

ప్రతి బిళ్ళ మీదా రెండు అంకెలు, మధ్యలో కూడిక గుర్తు: 3+2, 4+3, 6+4, 12+6, ఇలా చివరకు 40+35 దాకా. మొదటి అంకె తపాలా ఖర్చు, రెండోది విరాళం. తొమ్మిదీ కొంటే 200 ఫెనిగ్‌లు, అంటే రెండు మార్కులు. అందులో 82 ఫెనిగ్‌లు విరాళం. ఆ విరాళం శీతకాల సహాయ నిధికి చేరుతుంది. చలికాలంలో పేదలకు తిండి, బట్ట, బొగ్గు ఇవ్వడం ఆ నిధి ప్రకటించుకున్న పని. ఇంతవరకు చదివితే ఎవరైనా మంచి పనే అంటారు.

ఇక ఒక్కొక్కటే విప్పి చూద్దాం.

మొదటిది, నిధి ఎవరిది? 1933లో హిట్లర్ ప్రభుత్వం దానిని ప్రారంభించింది. గోబెల్స్ ప్రచార మంత్రిత్వ శాఖ ఆధిపత్యం దాని మీద ఉండేది. పేదలకు అన్నం పెట్టే పని ప్రచార మంత్రి చేతికింద ఎందుకుందన్న ప్రశ్నలోనే సగం జవాబు ఉంది.

రెండోది, ఇవ్వడం స్వచ్ఛందమేనా? పేరుకు అంతే. జీతాల్లోంచి కోత పడేది. వీధుల్లో డబ్బాలు పట్టుకుని తిరిగేవారు. ఇచ్చినవారి తలుపు మీద అంటించుకోవడానికి చీటీలు ఇచ్చేవారు. చీటీ లేని తలుపు ఏదో ఇరుగుపొరుగుకు, పార్టీ మనుషులకు ఇట్టే తెలిసిపోయేది. ఇవ్వనివారు బెదిరింపులు ఎదుర్కొన్నారు, ఉద్యోగాలు పోగొట్టుకున్నవారూ ఉన్నారు. చెప్పుకోకుండా ఇచ్చేదే గొప్ప దానమని మన పెద్దలు అంటారు. అక్కడ దానం తలుపు మీద కనబడకపోతే ప్రమాదం.

మూడోది, ఎవరికి అందేది? 1935 తరువాత యూదులను ఆ సహాయం నుంచి మినహాయించారు. చలి వారినీ వణికించింది, ఆకలి వారికీ వేసింది. అయినా సాయం పేరు మీద వచ్చిన డబ్బు ఎవరు మనవారు, ఎవరు కారు అని గీత గీయడానికి పనికొచ్చింది.

నాలుగోది, ఓడల పేర్లు. ఆ రోజుల్లో జర్మనీలో పోస్టుకార్డుకు 6 ఫెనిగ్‌లు, మామూలు ఉత్తరానికి 12 ఫెనిగ్‌లు. కాబట్టి జనం రోజూ వాడే బిళ్ళలు ఆ రెండు. 12 ఫెనిగ్‌ల బిళ్ళ మీది ఓడ టానెన్‌బర్గ్. 1914లో రష్యా మీద జర్మనీ గెలిచిన యుద్ధం పేరది. 6 ఫెనిగ్‌ల బిళ్ళ మీది ఓడ విల్‌హెల్మ్ గుస్ట్‌లోఫ్. స్విట్జర్లాండ్‌లో నాజీ పార్టీ నాయకుడిగా ఉండి 1936లో హత్యకు గురైనవాడి పేరు. అతడిని పార్టీ అమరవీరుడిగా చేసి, కార్మికులను విహారయాత్రలకు తీసుకుపోయే ఓడకు అతడి పేరు పెట్టారు. తొమ్మిదింటిలో చేపల పడవలు ఉన్నాయి నిజమే. ఎక్కువ చేతులు మారే బిళ్ళలకు మాత్రం ఆ పేర్లు దక్కాయి.

బిళ్ళ విడుదలైన రోజున గుస్ట్‌లోఫ్ ఎక్కడ ఉంది? 1937 మే నెలలో దానిని నీటిలోకి దించారు. తొలి ప్రయాణం 1938లో. అంటే బిళ్ళ వచ్చిన రోజున ఒక్క కార్మికుడు కూడా దాని మీద విహారానికి వెళ్ళలేదు.

విహారం ఎంతో కాలం సాగలేదు. యుద్ధం రాగానే అది ఆసుపత్రి ఓడ అయింది, తరువాత జలాంతర్గామి శిక్షణార్థుల బస అయింది. 1945 జనవరి 30న, సోవియట్ సైన్యం నుంచి పారిపోతున్న శరణార్థులతో, సైనికులతో కిక్కిరిసి బాల్టిక్ సముద్రంలో వెళ్తుండగా సోవియట్ జలాంతర్గామి దాని మీద టార్పెడోలు వేసింది. సుమారు 9,000 మంది చనిపోయారని చరిత్రకారుల అంచనా. వారిలో స్త్రీలు, పిల్లలే ఎక్కువ. ఒక్క ఓడ మునకలో ఇంతమంది పోవడం చరిత్రలో మరొకటి లేదు. ఏడేళ్ళ కిందట ఆ ఓడ బొమ్మను రెండు వేళ్ళతో పట్టుకుని పోస్టుకార్డు మీద అంటించిన కుటుంబాలలోని వారు కొందరు ఆ ఓడలోనే ఉండి ఉంటారు.

మిగతా ఓడలలో టానెన్‌బర్గ్ 1941లో మందుపాతరలకు మునిగింది. బ్రెమెన్ అనే పెద్ద ఓడ అదే ఏడాది రేవులోనే తగలబడింది. పాదువా అనే తెరచాపల ఓడ యుద్ధం తరువాత సోవియట్ల చేతికి వెళ్ళి, క్రుజెన్‌స్టెర్న్ అనే కొత్త పేరుతో నావికుల శిక్షణ ఓడగా నిలిచింది.

చట్రం బయట ఉన్నవారు

1943 మార్చి 21న జర్మనీ సైనిక దళాల బొమ్మలతో 12 బిళ్ళలు తెచ్చింది. వాటిలో 3+2 ఫెనిగ్‌ల బిళ్ళ మీద అలల మీద దూసుకుపోతున్న జలాంతర్గామి. ఆ మార్చిలో జలాంతర్గాములు మిత్రరాజ్యాల వాణిజ్య నౌకలను పెద్ద ఎత్తున ముంచాయి కూడా. రెండు నెలలు గడిచేసరికి తలకిందులైంది. ఒక్క మే నెలలో 41 జలాంతర్గాములు పోయాయి. నౌకాదళాధిపతి డోనిట్జ్ వాటిని ఉత్తర అట్లాంటిక్ నుంచి వెనక్కి పిలిపించాడు. యుద్ధం మొత్తంలో జలాంతర్గాములలో పనిచేసిన జర్మన్లలో నలుగురికి ముగ్గురు తిరిగి రాలేదు.

వారి టార్పెడోలకు బలైనవారు కూడా బొమ్మలో లేరు. 1940 సెప్టెంబరులో సిటీ ఆఫ్ బెనారస్ అనే ఓడ మునిగినప్పుడు, బాంబుల నుంచి కాపాడడానికి బ్రిటన్ నుంచి కెనడాకు పంపుతున్న 90 మంది పిల్లలలో 77 మంది చనిపోయారు. ఆ ఓడ సిబ్బందిలో ఎక్కువమంది భారతీయులే. బ్రిటిష్ వాణిజ్య నౌకలలో బొగ్గు వేసే పని, డెక్కు కడిగే పని, వంట పని చేసే మన దేశపు నావికులను లాస్కర్లు అనేవారు. సిల్హెట్, నోవాఖలీ, చిట్టగాంగ్, కొంకణ తీరం నుంచి వెళ్ళిన పేద ముస్లింలు వారిలో చాలామంది. ఆ యుద్ధంలో సుమారు 6,600 మంది భారతీయ నావికులు చనిపోయారు. ఒక పక్షం వేసిన ఓడల బిళ్ళల మీద గాని, మరో పక్షం వేసిన వాటి మీద గాని ఆనాడు వీరి ముఖం ఎక్కడా లేదు.

మన కళ్ళ ముందటి ఉదాహరణ

ఇదంతా పాత కథ అనుకోనక్కరలేదు. 2022 ఫిబ్రవరి 24న రష్యా యుద్ధనౌక మాస్క్వా నల్లసముద్రంలోని పాముల దీవిని లొంగిపొమ్మంది. అక్కడి ఉక్రెయిన్ రక్షకులు రేడియోలో పత్రికలో రాయదగని మాటతో తిప్పికొట్టారు. ఏప్రిల్ 12న ఉక్రెయిన్ తపాలా శాఖ ఆ సంఘటన మీద బిళ్ళ విడుదల చేసింది. తీరం మీద ఒక్క సైనికుడు, ఎదురుగా నౌక. పది లక్షల బిళ్ళల కోసం జనం బారులు తీరారు. మరునాడే నౌక దెబ్బ తిని, 14న మునిగిపోయింది.

తొలి వార్తలలో ఆ రక్షకులందరూ చనిపోయారని ప్రకటించారు. తరువాత వారు బతికే ఉన్నారని, బందీలయ్యారని తేలింది. బిళ్ళ వచ్చేటప్పటికి ఈ సంగతి అందరికీ తెలుసు. మునిగిన నౌకలోని నావికులకూ తల్లులు ఉన్నారు. దాడికి గురైన దేశం ధైర్యం చెప్పుకోవడంలో తప్పు లేదు. ఆ బిళ్ళను కూడా ఇవే ప్రశ్నలతో చదవాలని మాత్రమే నేను అంటున్నాను.

అన్ని ఓడల బిళ్ళలూ ఇంతేనా?

కావు. 1965 ఏప్రిల్ 5న జాతీయ నౌకాయాన దినోత్సవానికి మన తపాలా శాఖ 15 పైసల బిళ్ళ వేసింది. దాని మీద జల ఉష, వెనక విశాఖపట్నం. 1948 మార్చి 14న నెహ్రూ విశాఖలో నీటిలోకి దించిన ఓడ అది. బిళ్ళ వచ్చేనాటికి 17 ఏళ్ళుగా ఉన్న ఓడ. ఆ కర్మాగారం విశాఖలోనే ఉంది. దేశాభిమానం అందులోనూ ఉంది, కాని చూపింది ఉన్నదాన్నే.

విరాళం అడిగే బిళ్ళలు కూడా అన్నీ ఒకటి కావు. యాభై ఏళ్ళు దాటినవారి ఇళ్ళలో 1971 నాటి ఉత్తరాలుంటే తీసి చూడండి. శరణార్థి సహాయం అని ముద్ర వేసిన అయిదు పైసల బిళ్ళ అదనంగా కనబడుతుంది. తూర్పు బెంగాల్ నుంచి సుమారు కోటి మంది మన దేశంలోకి వచ్చినప్పుడు, 1971 నవంబరు 15 నుంచి 1973 మార్చి చివరి దాకా దానిని తప్పనిసరి చేశారు. అది కూడా బలవంతపు వసూలే. కాని ఎందుకో దాని మీదే రాసి ఉంది. వచ్చినవారి మతం ఏదని అడగలేదు. అవసరం తీరాక ఆపేశారు.

తరగతిలోనూ, ఇంట్లోనూ అడగవలసిన అయిదు ప్రశ్నలు

1. ఈ బొమ్మను ఎవరు వేశారు, ఏ నెలలో వేశారు, ఆ నెలలో ఏం జరుగుతోంది?

2. బొమ్మలో చూపినది ఆ రోజున నిజంగా ఉందా? ఇంకా కట్టాలా, అప్పటికే పోయిందా?

3. పేరు ఎవరిది? ఆ పేరే ఎందుకు?

4. బొమ్మ చట్రానికి బయట ఎవరున్నారు?

5. కూడిక గుర్తు ఉంటే, ఆ రెండో అంకె ఎక్కడికి పోతుంది? ఎవరికి అందుతుంది, ఎవరికి అందదు? లెక్క ఎవరు చూపిస్తారు?

ఎనిమిదో తరగతి పిల్లలు కూడా ఈ ప్రశ్నలకు బాగా జవాబు చెబుతారు. ఒక పాత బిళ్ళ, ఒక ప్రపంచ పటం, గ్రంథాలయంలో ఒక చరిత్ర పుస్తకం ఉంటే ఒక పీరియడు చాలు. పిల్లలు ఒకసారి ఇలా చదవడం నేర్చుకుంటే, ఫోనులో వచ్చే బొమ్మలను కూడా అలాగే చదువుతారు. నేటి యుద్ధాల బొమ్మలు తపాలా బిళ్ళల కంటే వేగంగా, అదే పనిగా మన ఇళ్ళలోకి వస్తున్నాయి. ఏడుస్తున్న పిల్లవాడి ఫొటో కింద ఒక ఖాతా సంఖ్య ఉంటుంది. ఆ పిల్లవాడు ఎక్కడివాడో, ఫొటో ఏ ఏడాదిదో, ఖాతా ఎవరిదో చూసుకోకుండా పంపే దాతలు మనలో చాలామందే ఉన్నారు.

ఈ సంచిక చదువుతున్న మీరు ఇచ్చే మనసున్నవారు. ప్రశ్న అడిగితే దాతృత్వానికి లోటు వస్తుందని సంకోచించకండి. జర్మనీలో పోస్టుకార్డుకు నాలుగు ఫెనిగ్‌లు ఎక్కువ పెట్టి గుస్ట్‌లోఫ్ బిళ్ళ కొన్నవారిలో నిజంగా పేదల మీద జాలి ఉన్నవారు ఎందరో ఉండి ఉంటారు. వారి జాలి తప్పు కాదు. ఆ డబ్బు పొరుగింటి యూదు కుటుంబానికి ఎందుకు అందడం లేదని అడిగే వీలు వారికి లేకుండా చేశారు. మనకు ఆ వీలు ఉంది. చందా పుస్తకం ముందుకొచ్చినప్పుడు, మా సంఘమైనా మరో సంఘమైనా, అయిదో ప్రశ్న తప్పకుండా అడగండి. లెక్క చూపించమనండి. తరువాత మనసారా ఇవ్వండి.